కాళ్ళు ముడుచుకుని చూసిన సినిమా

నీకు నచ్చిన సినిమా ఏదని ఎవరైనా అడిగితే చాలాకాలం నేను అబద్ధం చెప్పాను. బడిలో చేరిన మొదటి నెలలోనే స్టాఫ్ రూములో మధ్యాహ్నం పూట ఈ మాట వచ్చింది. వొక్కొక్కరూ చెబుతున్నారు. నా వంతొచ్చేసరికి 'శంకరాభరణం' అన్నాను. ఎదురుగా కూర్చున్న సీనియర్ మాస్టారు కళ్ళజోడు సవరించుకుని "పర్లేదే, మంచి టేస్టే" అన్నారు. ఆ 'పర్లేదే'లో ఏముందో నాకు తెలుసు. రిజర్వేషన్లో వచ్చినవాడికి ఇంత అభిరుచి వుంటుందని ఆయన అనుకోలేదు. అయినా ఆ మెప్పుని నేను సంతోషంగానే తీసుకున్నాను. అప్పటికి నేను శంకరాభరణం మొత్తం చూడనేలేదు. టీవీలో ముక్కలు ముక్కలుగా చూశానంతే. నిజంగా నచ్చిన సినిమాల పేర్లు నోట్లోనే వుండిపోయాయి.

సినిమా పేరు దగ్గర అబద్ధమాడితే ఏమవుతుంది, ఎవరి సొమ్ము పోయింది అని మీరనొచ్చు. అద్దె ఇంటి కోసం వెళ్ళి కులం దాచుకునే మనిషికి ఈ అబద్ధం కొత్తగా అనిపించదు. అక్కడ ఏ భయంతో దాచుకుంటామో ఇక్కడా అదే భయం. మన ఇష్టం చెబితే మనం ఎక్కణ్ణుంచి వచ్చామో తెలిసిపోతుంది.

నేను ఎక్కణ్ణుంచి వచ్చానంటే, గుంటూరు వైపు వొక మాదిగపల్లె నుంచి వచ్చాను. మా మండల కేంద్రంలో వొక రేకుల హాలు వుండేది. తెరకు దగ్గరగా నేల, దాని వెనక బెంచీ, ఆ వెనక కుర్చీలు. కుర్చీ కొనుక్కోవద్దని మమ్మల్ని ఎవరూ బోర్డు పెట్టి ఆపలేదు. డబ్బులే ఆపేవి. ఎప్పుడైనా డబ్బులున్నా మా అమ్మ ఆపేది. నేలకే వెళ్ళమనేది. పంపేటప్పుడు ప్రతిసారీ వొకే మాట చెప్పేది. "కాళ్ళు ముడుసుకోని కూసో నాయనా. ఎవురికీ తగలనీమాక."

ఆ మాటకి అర్థం నాకు డిగ్రీ చదివేటప్పుడు గాని తెలియలేదు. 1991లో చుండూరులో, అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి బాపట్ల జిల్లా, వొక సినిమా హాల్లో చదువుకున్న దళిత యువకుడి కాలు అగ్రకులపు యువకుడికి తగిలింది. చీకట్లో, సినిమా చూస్తూ చూస్తూ తగిలింది. ఆ తగాదా కొట్లాట అయ్యింది, సాంఘిక బహిష్కరణ అయ్యింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపేదాకా పోయింది. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ నిర్దోషులని వదిలిపెట్టింది. చుండూరు మీద మన వాళ్ళు ఎన్నో పాటలు కట్టారు, ఎంతో రాశారు. నేను వొక్క సంగతే గుర్తుచేస్తున్నాను. అది మొదలైంది సినిమా హాల్లో. మాకు సినిమాకి వెళ్ళడమంటే వూళ్ళోవాళ్ళతో కలిసి వొకే కప్పు కింద, వొకే చీకట్లో, టికెట్టు కొనుక్కున్న హక్కుతో కూర్చోవడం. దానికే వాళ్ళకి కోపం వచ్చింది. అందుకే 'మీ వాళ్ళకి సినిమా పిచ్చి ఎక్కువ' అనే మాట వింటే నాకు నవ్వు రాదు. మా వాళ్ళు ఆ హాల్లోకి వూరికే పోలేదు.

మా అమ్మ ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళే మనిషి. 'అమ్మోరు' సినిమా వచ్చినప్పుడు (అది 1995లో విడుదలైంది, మా వైపుకి కొన్నాళ్ళ తర్వాత వచ్చింది) పల్లెలో ఆడవాళ్ళంతా కలిసి వెళ్ళారు. మా అమ్మా వెళ్ళింది, నన్ను చంకనేసుకున్నంత పని చేసి తీసుకుపోయింది. అయ్యగారికి చెప్పొద్దని నాతో వొట్టు వేయించుకుంది. నాకు గ్రాఫిక్సు గుర్తు, భయం గుర్తు, హాలంతా వేపమండల వాసన గుర్తు. సినిమా చదువు అబ్బాక నేను ఆ సినిమాని మూఢనమ్మకాల చిత్రమని వొక్క ముక్కలో కొట్టిపారేశాను. అమ్మ వాదించలేదు. చాలా ఏళ్ళ తర్వాత మాటల్లో ఇలా అంది. "ఆ తల్లి వాళ్ళింటికి పనిపిల్లగా గదా వచ్చింది. మనం గిన్నెలు తోమేకాడికే దేవతొచ్చింది. పైన కూకున్న దేవుళ్ళని శానామందిని సూశాం."

దాసరుల ఇళ్ళలో చిన్నప్పట్నుంచీ పనిచేసిన మనిషి కాబట్టి మా అమ్మకి ఆ సినిమాలో ఆ సంగతి కనిపించింది. ఎం.ఏ. తెలుగు చదివిన నాకు కనిపించలేదు. ఆ సినిమాలో మూఢనమ్మకం లేదని నేననను. మా అమ్మ అందులో చూసింది మాత్రం మూఢనమ్మకం కాదు.

మా నాన్న బస్టాండు మూల చెప్పులు కుట్టేవాడు. మా పల్లెలో క్రిస్మస్ రాత్రికి చందాలేసుకుని టీవీ, వీడియో డెక్కు అద్దెకు తెచ్చి తెల్లారేదాకా సినిమాలు వేసేవాళ్ళం. వొక క్రిస్మస్‌కి 'స్వయంకృషి' వేశారు. అది 1987 నాటి సినిమా. కె. విశ్వనాథ్ తీశారు, చెప్పులు కుట్టే సాంబయ్యగా చిరంజీవి వేశారు. పెద్దలు మెచ్చే దర్శకుడూ, నేలవాళ్ళు మెచ్చే హీరో కలిసిన సినిమా. ఆయనకు ఆ వేషానికి నంది అవార్డు కూడా వచ్చింది. నాన్న చలిలో గోనెపట్టా కప్పుకుని కళ్ళార్పకుండా చూశాడు. అయిపోయాక చుట్టూ చేరిన వాళ్ళతో రెండు మాటలన్నాడు. మొదటిది: "ఎట్టున్నా ఆరె పట్టుకున్నోణ్ణి హీరో అన్నారురా, అది సాలు." రెండోది కాసేపాగి అన్నాడు: "సెప్పు కుట్టినోడు షాపు ఓనరైతేగాని మరేదలేదా?"

ఆ సినిమా మీద ఇంతకంటే మంచి విమర్శ నేను చదవలేదు. వొక మాటలో సంతోషం వుంది, వొక మాటలో నిలదీత వుంది. వొకటి రెండోదాన్ని కొట్టెయ్యలేదు. మా నాన్నకి చదువు రాదు. తనకు నచ్చిన దాన్ని ప్రశ్నించడం మాత్రం వచ్చు. సినిమాని ప్రేమించేవాడికి దాన్ని విమర్శించడం చేతకాదని ఎవరు చెప్పారో గాని, వాళ్ళు మా నాన్న లాంటివాళ్ళ పక్కన కూర్చుని వొక్క సినిమా కూడా చూసి వుండరు.

ఇక నేను చేసిన పాపం చెప్పాలి. యూనివర్సిటీ హాస్టల్లో చేరాక నాకు మంచి మిత్రులు దొరికారు. సభలు, కరపత్రాలు, రాత్రిళ్ళు చర్చలు. వాళ్ళు నాకు అంబేద్కర్‌ని ఇచ్చారు, ఆ రుణం తీరదు. అక్కడే వొక శనివారం 'పథేర్ పాంచాలి' వేశారు. 1955 నాటి బెంగాలీ సినిమా, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆ అక్షరాలు చదివేలోపు అవి మారిపోతున్నాయి. నేను నిద్రపోయాను. లైట్లు వేశాక వొక సీనియర్ నవ్వి అన్నాడు, "మీ వాళ్ళకి ఫైట్లుంటేగాని నిద్ర ఆగదు." అతను మాతో పాటు ధర్నాల్లో కూర్చునేవాడే. కులం మీద బాగా మాట్లాడేవాడే. ఆ 'మీ వాళ్ళకి' అనే మాట అతనికి తన నోట్లోంచి వచ్చినట్టు కూడా తెలియదు.

నేనప్పుడు ఎదురుతిరగలేదు. మారిపోయాను. చిరంజీవి, బాలకృష్ణల పేర్లు ఎత్తడం మానేశాను. సెలవులకి ఇంటికెళితే అమ్మ టీవీలో ఏదో సినిమా చూస్తోంది. ఆ అరుపులు, ఆ డాన్సులు. "ఏం సినిమాలే ఇవి, వీటివల్లే మన బతుకులు ఇట్టా వున్నాయి" అని వెళ్ళి టీవీ కట్టేశాను. అమ్మ నా మొహం చూసింది. "సదువుకున్నావు గదా, నీ ఇష్టం" అంది. అంతే. ఆ తర్వాత నేను ఇంట్లో వుండగా ఆమె టీవీ పెట్టలేదు. నేను లేనప్పుడు చూసుకునేది. తన ఇంట్లో తన టీవీని తన కొడుక్కి తెలియకుండా చూసుకునేది. వూళ్ళోవాళ్ళ ముందు చేసినట్టే నా ముందు కూడా కాళ్ళు ముడుచుకుంది.

బాబాసాహెబ్ కులవ్యవస్థని అంచెలంచెల అసమానత అన్నారు. పైవాడు కిందివాడిని తొక్కడంతో అది ఆగదు. ప్రతివాడికీ తనకింద వొకడు దొరుకుతాడు, వాణ్ణి చూసి తన బాధ మర్చిపోతాడు. అభిరుచి దగ్గరా సరిగ్గా ఇదే నడుస్తుంది. కుర్చీవాడికి బెంచీవాడు మొరటు. బెంచీవాడికి నేలవాడు మొరటు. ఆర్టు సినిమా చూసేవాడికి వీళ్ళందరూ మొరటు. మాలపల్లెలో వొక హీరో, మాదిగపల్లెలో ఇంకో హీరో అయితే మళ్ళీ వాళ్ళల్లో వాళ్ళకి తగాదా. నేల నుంచి లేచి హాస్టలు దాకా పోయిన నేను కింద ఎవరున్నారా అని చూస్తే మా అమ్మ దొరికింది.

'మాస్', 'క్లాస్' అని సినిమా వాళ్ళు మాట్లాడే మాటలు వున్నాయి. పోస్టరు మీదా, రివ్యూల్లోనూ అవి ఎంత మామూలుగా వుంటాయో చూడండి. కులం పేరు ఎత్తకుండా కులం మాట్లాడుకోవడానికి అంతకంటే సుళువైన మాటలు లేవు. శంకరాభరణం 1980లో వచ్చింది. పెద్ద హీరో లేకుండానే ఆడింది. దానికి వచ్చిన జాతీయ అవార్డు పేరు 'ఆరోగ్యకరమైన వినోదాన్ని అందించిన ఉత్తమ జనరంజక చిత్రం'. అది చెడ్డ సినిమా అని నేననను. తర్వాత మొత్తం చూశాను, పాటలు నాకు చాలా ఇష్టం. మా మేనమామ డప్పు కొడతాడు. ఆయన వయసులో వున్నప్పుడు ఆ సినిమాని మూడుసార్లు చూశాడు. ఆ తాళం గురించి చెబుతుంటే ఆయన వేళ్ళు మోకాలి మీద ఆడతాయి. నా ప్రశ్న వేరే. డప్పు కొట్టేవాడు కచేరీ సంగీతాన్ని ప్రేమించాడు. ఆ సినిమాని నెత్తిన పెట్టుకున్నవాళ్ళలో ఎంతమంది మా మామ డప్పు వినడానికి పల్లెకొచ్చారు? చావుకి పిలిచారు, జాతరకి పిలిచారు, కూర్చుని వినడానికి రాలేదు. మా వాళ్ళు అందరి రుచులూ చూశారు. మా రుచి ఎవరూ చూడలేదు. ఇందులో ఎవరి అభిరుచి ఇరుకైనది?

జనం రుచి ఇంతే అని గీత గీసేవాళ్ళని జనమే చాలాసార్లు అబద్ధం చేశారు. నాగరాజ్ మంజులే మరాఠీలో 2013లో 'ఫాండ్రీ' తీశాడు. పందులు పట్టే ఇంటి పిల్లవాడి కథ. పండితులు మెచ్చుకున్నారు. అదే మనిషి 2016లో 'సైరాట్' తీశాడు. పాటలు, డాన్సులు, ప్రేమ అన్నీ పెట్టి చివర్న కులహత్య దగ్గర నిలబెట్టాడు. మహారాష్ట్రలో జనం విరగబడి చూశారు. పాటలున్నంత మాత్రాన ఆ సినిమాలో కోపం తగ్గిందా? 2023లో 'బలగం' వచ్చినప్పుడు తెలంగాణ పల్లెల్లో వూరి మధ్య తెరలు కట్టి, వూరంతా కింద కూర్చుని చూసి ఏడ్చారు. అందులో ఫైట్లున్నాయా? వొక ముసలాయన చావు, పిట్ట ముట్టని పిండం, విడిపోయిన ఇంటివాళ్ళు. 'మీ వాళ్ళకి ఫైట్లుంటేగాని' అన్న సీనియర్ ఇప్పుడెక్కడున్నాడో గాని ఆ రోజుల్లో నాకు గుర్తొచ్చాడు.

పథేర్ పాంచాలి కూడా ఉద్యోగం వచ్చాక మళ్ళీ చూశాను. ఈసారి వొంటరిగా, ఆపి ఆపి చూశాను. వాన, జ్వరం, దుర్గ చావు. మా పెద్దక్క అలాగే పోయింది. ఎవరూ నన్ను వెక్కిరించని చోట చూశాను కాబట్టి నా సినిమాగా చూశాను. అది బాల్కనీ వాళ్ళ సినిమా కాదు. దాని చుట్టూ కంచె వేసింది వాళ్ళు.

అయితే అభిరుచిని గౌరవించడమంటే నోరు మూసుకోవడమా అని మిత్రులు అడుగుతారు. అడగాల్సిందే. 1999లో 'సమరసింహారెడ్డి' వచ్చినప్పుడు నేను చిన్నవాణ్ణి. నేలలో నిలబడి ఈల వేశాను. ఆ తర్వాత కొన్నేళ్ళు అలాంటి ఫ్యాక్షన్ సినిమాలే. తెర మీద దొర కత్తెత్తితే మేము లేచి చప్పట్లు కొట్టాం. ఆ కథల్లో దొర కోసం ప్రాణాలిచ్చే అనుచరుడికి పేరుంటుంది, ఇల్లుండదు, కులం వుండదు. చచ్చిపోతాడు, దొర కన్నీరు కారుస్తాడు. ఆ అనుచరుణ్ణి చూసి నేను అప్పుడే ఆలోచించి వుండాల్సింది. అది చెప్పుకోవాలి, పిల్లలకి చెప్పాలి. కానీ ఆ సినిమా తీసినవాణ్ణి అడగాల్సిన ప్రశ్న వేరు, దాన్ని చూసి ఈల వేసిన పదేళ్ళ పిల్లవాణ్ణి వెక్కిరించడం వేరు. మనం ఎక్కువసార్లు మొదటిది వదిలేసి రెండోది చేస్తున్నాం. నిర్మాతని నిలదీయడానికి ధైర్యం కావాలి. కూలి చేసుకొచ్చి సినిమా చూసినవాణ్ణి నిలదీయడానికి ఏదీ అక్కర్లేదు.

నేను మాస్టరుగా కూడా అదే చేశాను. తొమ్మిదో తరగతికి 'నాకు నచ్చిన సినిమా' అని వ్యాసం రాయమన్నాను. వొక పిల్లవాడు, కాలనీ నుంచి వచ్చేవాడు, 'పుష్ప' అని రాశాడు. నేను పై లైను మాత్రం చూసి క్లాసు ముందర అన్నాను, "ఎర్రచందనం దొంగ తప్ప ఎవరూ దొరకలేదా? మీరు మారర్రా." వెనక బెంచీలు నవ్వాయి. వాడు పుస్తకం తీసుకుని కూర్చున్నాడు. తర్వాతి వారం ఇచ్చిన వ్యాసం వాడు రాయలేదు. ఆ పై వారమూ రాయలేదు.

నోటు పుస్తకాలు దిద్దేటప్పుడు వెనక్కి తిప్పి ఆ పేజీ చదివాను. అర పేజీ వుంది, నాలుగు తప్పులున్నాయి. హీరోకి తండ్రి తరపువాళ్ళు ఇంటిపేరు ఇవ్వరు, తనను కూడా ఫారం నింపేటప్పుడు నాన్న పేరు అడిగితే ఏం రాయాలో తెలియదు అని రాశాడు. చివర ఇలా వుంది: "హీరో కూలీ అయినా ఓనరు వస్తే లేవడు. కాలు మీద కాలు వేసుకుని కూర్చుంటాడు. నాకు అక్కడ బాగా నచ్చింది."

ఆ వాక్యం దగ్గర నేను చాలాసేపు వున్నాను. కాళ్ళు ముడుచుకో అని పెంచిన తల్లి కొడుకుని నేను. కాలు మీద కాలు వేసుకున్నవాణ్ణి చూసి మురిసిపోయిన పిల్లవాణ్ణి 'మీరు మారర్రా' అన్నాను. నా నోట్లోంచి వచ్చిన 'మీరు', ఆ హాస్టలు సీనియర్ అన్న 'మీ వాళ్ళు' వొకటే. నేనూ ఆ కాలనీ లాంటి చోటునుంచే వచ్చాను కాబట్టి నాది ఇంకాస్త పెద్ద తప్పు.

ఆ సినిమా హీరోకి 2023లో జాతీయ ఉత్తమ నటుడి అవార్డు ప్రకటించారు. తెలుగు నటుడికి అది రావడం అదే మొదలు. మా స్టాఫ్ రూములో అవార్డుల పరువు పోయిందన్నారు. అదే ఏడాది అవార్డుల్లో 'జై భీమ్'కి ఏమీ రాలేదు. దాని గురించి అక్కడ ఎవరికీ బాధ లేదు. ఆ రోజు మాత్రం నేను నోరు తెరిచాను. నాకు నచ్చిన సినిమాలు ఇవీ అని వరసగా చెప్పాను. అమ్మోరు కూడా చెప్పాను. సీనియర్ మాస్టారు ఈసారి ఏమీ అనలేదు.

మర్నాడు క్లాసులో ఆ పిల్లవాడి పేజీ నేనే పైకి చదివాను, వాణ్ణి అడిగి, ఇంటిపేరు సంగతి వదిలేసి చదివాను. ముందు చదవకుండా మాట్లాడినందుకు తప్పైందని చెప్పాను. వాడు తల దించుకున్నాడు. అప్పుడు వొక ఆడపిల్ల లేచింది. "సార్, నాక్కూడా ఆ సినిమా ఇష్టమే. కానీ హీరోయిన్ని నవ్వమని డబ్బులిచ్చారు గదా, అది నాకు నచ్చలేదు." మగపిల్లలు గోల చేశారు. ఆ అమ్మాయి కూర్చోలేదు. "మిమ్మల్ని డబ్బులిచ్చి నవ్వమంటే నవ్వుతారా?" అంది. గోల ఆగింది. కాసేపటికి ఆ పిల్లవాడే మెల్లగా "అది తప్పే" అన్నాడు. గంట కొట్టేదాకా వాళ్ళే మాట్లాడుకున్నారు. దొంగతనం గురించి, అడవిలో చెట్లు నరికే కూలీలే ఎందుకు పట్టుబడతారు అనే దాకా వెళ్ళారు. నేను పదేళ్ళుగా పాఠం చెప్పి రప్పించలేని విమర్శ, వాళ్ళ ఇష్టాన్ని వొక్కరోజు గౌరవిస్తే దానంతటదే వచ్చింది.

అందుకే ఉద్యమాల్లో వున్న మిత్రులకీ, చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ నేను చెప్పేది వొక్కటే. మన వాళ్ళు చూసే సినిమాల్ని విమర్శించండి, గట్టిగా విమర్శించండి. దానికి ముందు వాళ్ళ పక్కన కూర్చుని "నీకందులో ఏం నచ్చింది?" అని అడగండి. జవాబు పూర్తిగా వినండి. చాలాసార్లు మనం చెప్పాలనుకున్నది వాళ్ళు ముందే చెప్పేస్తారు, మా నాన్న చెప్పినట్టు. నచ్చకపోతే నచ్చలేదని చెప్పండి. వాళ్ళకి నచ్చినందుకు మాత్రం సిగ్గుపడేలా చెయ్యకండి. సిగ్గుపడటం మన వాళ్ళకి వేరేవాళ్ళు చాలా నేర్పారు.

మా నాన్న పోయాడు. అమ్మ నా దగ్గరే వుంటోంది. మొన్న ఆదివారం బడి పేపర్లు దిద్దుతూ "ఏదన్నా సినిమా పెట్టుకో అమ్మా, నేనూ చూస్తాను" అన్నాను. "నీకు నచ్చదులే నాయనా" అంది. రిమోటు ముట్టుకోలేదు.